బుగ్గచుక్క

కొవెంట్రీలో ఆ వీధి ఇళ్ళకి
పై అంతస్తు కిటికీలు మరీ పెద్దవి.
వెనకటి గడియారాల పనివాళ్ళు
వెలుతురు కొలుచుకుని కట్టించుకున్నవి.
ఇప్పుడక్కడ ఒక్క బల్లే మిగిలింది.
దాని వెనక వినిఫ్రెడ్ ఆల్డస్,
కంటికి భూతద్దం, మోచేతి దగ్గర
ఎప్పుడో చల్లారిన టీ.

మంగళవారం పొద్దున లవ్‌లాక్ వచ్చాడు.
చేతిరుమాలు మూట బల్ల మీద పెట్టి
ముడి విప్పకుండానే అడిగాడు,
"ఎంతొస్తుంది?"

విప్పితే బంగారం.
అరచేతిని కిందికి లాగే బరువు.
ముందువైపు అందరికీ తెలిసిన కాలం:
గంటలు, నిమిషాలు,
ఆరు దగ్గర చిన్న కిటికీలో చంద్రుడు.
వెనక మూత తీస్తే లండన్ మీది రాత్రి.
నీలం ఎనామెల్ నిండా సూదిమొన చుక్కలు,
మన రోజుకంటే నాలుగు నిమిషాలు ముందే
చుట్టు ముగించే ఆకాశం.
ఇంకా లోపల, జీడిపప్పులా వంగిన ఉక్కు బిళ్ళ.
దాని అంచు వెంట ఒక మీట పాకుతూ
సూర్యుడికీ గడియారానికీ ఉన్న తేడా చెబుతుంది.
ఏడాదికి నాలుగే నాలుగు రోజులు
ఆ ఇద్దరికీ మాట కలుస్తుంది.
మిగతాదంతా ఒకే కప్పు కింద కాపురం.

లవ్‌లాక్ ముత్తాత బర్టన్‌లో బీరు కాచాడు.
నక్షత్రాలన్నిటికీ డబ్బు కట్టి
ముప్పై ఏళ్ళు రైలు టైము చూసుకున్నాడు.

"వేలం వాళ్ళకి అంతా నచ్చింది,
చంద్రుడి బుగ్గ మీద మచ్చ ఒక్కటే.
అది పోతే ఇంకో నాలుగు వేల పౌండ్లట."

ఇంగ్లీషువాళ్ళకి చంద్రుడు ఆడమనిషి.
భూతద్దం కింద ఆమె ముఖం నిండుగా లేచింది.
దేవత కాదు. కళ్ళ కింద నిద్రలేమి,
ఒక కనుబొమ్మ కాస్త పైకి,
ఎవరో నమ్మలేని మాట చెప్పినట్టు.
ఎడమ బుగ్గ మీద
ఆవగింజలో అరవయ్యో వంతు నీలం.

మురికి కాదు. బీట కాదు.
కొలిమిలో ముఖంతో పాటే కాలిన రంగు.
ఆకాశానికి చుక్కలన్నీ పెట్టాక
కుంచె కొసన మిగిలిందేమో.

వినిఫ్రెడ్ చక్రం తిప్పింది. యాభైతొమ్మిది పళ్ళు.
ఒక చంద్రుడు కుంకితే ఇంకొకడు పొడవాలి కదా,
బిళ్ళ మీద ఇద్దరుంటారు.
రెండో ఆమె వచ్చింది.
అదే కనుబొమ్మ, అదే నిద్రలేమి,
బుగ్గ మాత్రం ఖాళీ.

డయల్ వెనక్కి తిప్పితే
గోటితో రాసినంత సన్నగా: కె. ఓర్మ్.
అంతకు మించి లేదు.
ఒకతే రెండుసార్లు అద్దం చూసుకుందో,
కవలల్ని పోల్చుకోవడానికి
తల్లి పెట్టుకునే గుర్తో.

మూత లోపల, బాగుచేసినవాళ్ళ గీతలు.
టి.హెచ్., 1908. పి.జి., 1931.
పేరు చదవలేని ఒకాయన, 1952.
ప్రతి అంకె తర్వాతా సూదితో పొడిచిన చుక్క.
మొదట వాక్యం ముగించారనుకుంది.
తర్వాత టీ సంగతి మరిచిపోయి
చాలాసేపు అలాగే కూర్చుంది.

మూడు రోజులు ఇరుసులు కడిగింది, నూనె వేసింది.
చంద్రుణ్ణి తిథికి సరిచేసింది.
ఏ ముఖం ఉన్నా తిథి ఒకటే,
కిటికీలోకి ఖాళీ బుగ్గ ఆమెను పిలిచింది.
మూత లోపల తన పొడి అక్షరాలు, సంవత్సరం,
ఊపిరి బిగబట్టి ఒక చుక్క.

అమావాస్య వెళ్ళిన మర్నాడు లవ్‌లాక్ వచ్చాడు.
బిల్లు రెండుసార్లు చదివాడు.
మచ్చ తీసిన ఖర్చు అందులో లేదు.

"పోయినట్టేనా?"

"కనిపించదు," అంది వినిఫ్రెడ్.

అబద్ధమేం కాదు.
ఇంకో అమావాస్య దాకా
నిలబడే నిజం.